ఒక ఎల్

షెఫీల్డ్‌లో గురువారం.
వాన అనడానికి లేదు, వాన లేదనడానికీ లేదు.
కిటికీ కింద ట్రాము మలుపు దగ్గర పళ్ళు నూరుతోంది.

సోమవారం రాత్రి, కొండ మీది ఆసుపత్రిలో
రక్తం దాచే ఫ్రిజ్ ఒకటి
నాలుగు డిగ్రీల నుంచి తొమ్మిదికి ఎక్కింది.
అలారం మోగలేదు.
పద్నాలుగు సంచులు పారబోశారు,
బిస్కట్టు పెట్టి, టీ ఇచ్చి, థాంక్యూ చెప్పి
ఎవరెవరి చేతుల్లోంచో తీసుకున్నది.

మా టెస్టులు మాత్రం పచ్చగా ఉన్నాయి.
రెండువేల మూడువందల పదకొండూ.
నా భాషలో పచ్చ అంటే
లేత ఆకూ అవుతుంది, కామెర్లూ అవుతాయి.

ముందు థర్మామీటర్ని అనుమానించాను.
అసలుదాన్ని కాదు, దాని స్థానంలో మేం నిలబెట్టిన బొమ్మని.
తొమ్మిది అనమన్నాను. అంది.
తొంభై అనమన్నాను. అంది.
మైనస్ వెయ్యి అనమంటే,
అంత చలి విశ్వంలోనే లేదని తెలియక
అదీ అంది.
డూడూ బసవన్నా, తలూపు.
ఊపింది.

తర్వాత, కాస్త భయంగానే,
అసలు కోడ్‌లోంచి అలారాన్ని పిలిచే వరస తీసేశాను.
పచ్చ.
దాని పై వరస తీసేశాను.
పచ్చ.
ఫంక్షన్ మొత్తం ఖాళీ చేశాను, గూడు ఉంది, పిట్ట లేదు.
పచ్చ.
ఇక నేను ఆఫీసుకి రాకపోయినా దానికి పచ్చే.

మూడింటికి ఇమొజెన్ నా భుజం మీదుగా తొంగిచూసి
"స్పెల్లింగ్ చూశావా?" అంది.
ఒళ్ళు మండింది.
నాలుగో తరగతి నుంచీ డిక్టేషన్లో నాకు నూటికి నూరు.
ఆమె కప్పు పట్టుకుని వెళ్ళేదాకా ఆగి
చూశాను.

చిట్టచివరి వరస. అలారం కాల్డా, అని అడగాలి.
కాల్డ్‌లో రెండు ఎల్‌లు.
ఒకటే ఉంది.

నిజమైన వస్తువైతే
"అలాంటిది నా దగ్గర లేదు, ఫో" అని మొహం మీదే చెప్పేది.
బొమ్మకి లేదనడం చేతకాదు.
లేనిది అడిగితే అప్పటికప్పుడు
ఇంకో బొమ్మని కని చేతిలో పెడుతుంది.
చేతిలో ఏదో ఉంది కదా,
అయితే నిజమే, అనుకుంటుంది యంత్రం.
మూడేళ్ళుగా, రోజుకి నలభైసార్లు
మేం అడుగుతున్నది మోగిందా అని కాదు,
మొగిందా అని.
మొగిందండీ, మొగిందండీ, అంటోంది పాపం.

ఆ వరస ఎవరు రాశారో చరిత్రలో ఉంటుంది.
చూడకుండా ఉండొచ్చు.
ఫిబ్రవరి, సాయంత్రం ఆరున్నర, నా పేరు.
ట్రాము కోసం పరిగెత్తి ఉంటాను.

రెండో ఎల్ పెట్టాను.
ఎరుపు!
తాజా, వెచ్చని, నరంలోంచి ఇప్పుడే దిగిన ఎరుపు.
"ఇమొజెన్, చూడు, ఫెయిలైంది!" అని అరిచాను.
ఫ్లోరంతా తలలు తిప్పింది.

అలారం ఎందుకు మోగలేదో ఇంకా తెలియదు.
తీసేసిన వరసలన్నీ తిరిగి పెట్టినా ఎరుపే.
అది రేపటి సంగతి.
ఇవాళ్టికి, తెలియదన్న సంగతి తెలిసింది.

ఇంటికెళ్ళే ట్రాములో కండక్టర్
"ఆల్రైట్, లవ్?" అన్నాడు.
ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఉన్నది ఒక్కటే జవాబు.
ఏడేళ్ళుగా తలూపుతూనే ఉన్నాను.
ఇవాళ ఎందుకో
"లేదండీ, అంత బాగా లేదు" అనేశాను.

ఆయన టికెట్ మిషన్ కిందికి దించాడు.
కాసేపు నన్నే చూశాడు.
"నాకూ," అన్నాడు. "మోకాలు."
ఖాళీ సీటు అంచున కూర్చుని
రెండు స్టాపుల దూరం
ఆ మోకాలి గురించే చెప్పాడు.